బ్రాండు మారితే హెడ్ అలుగుతుందా?

టేపు కెమెరాల కాలంలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు రెండు భయాలుండేవి. తాళి కట్టే వేళకు బ్యాటరీ అయిపోవడం మొదటిది. రెండోది బయటివాళ్లకు చెప్పినా అర్థమయ్యేది కాదు. సంచిలో రోజూ వాడే కంపెనీ టేపులు నిండుకుని, బజార్లో ఏది దొరికితే అది పెట్టాల్సి రావడం! సోనీకి అలవాటుపడ్డ కెమెరాలో పానాసోనిక్ పెట్టినా, పానాసోనిక్ మరిగిన కెమెరాలో టీడీకే పెట్టినా టేపు మీద బొమ్మను రాసి, చదివే హెడ్ జామ్ అవుతుందనీ, తలంబ్రాల మీద డబ్బాలు డబ్బాలుగా మచ్చలు పడతాయనీ గట్టి నమ్మకం. ఆ మచ్చలకు మందు లేదు. తలంబ్రాలు మళ్లీ పోయించలేరు కదా. అందుకే 'ఒక కెమెరాకు ఒకే కంపెనీ' అన్న మాట ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు, పెద్ద కెమెరామన్ నుంచి లైటు పట్టుకునే కుర్రాడికి అలా నడిచిపోయింది.

కెమెరాలు మెమరీ కార్డుల్లోకి మారాక ఆ మాట మరుగున పడింది. ఇప్పుడు ఇంకో దారిలో తిరిగొచ్చింది.

ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి, పత్తికొండ... కర్నూలు పడమటి ఊళ్లలో ఏ బీరువా పైఅర తెరిచినా, ఏ ట్రంకు పెట్టె కదిపినా పట్టుచీరల కింద ఓ నల్లటి క్యాసెట్టు కనిపించే ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. వలసపోయి బెంగళూరులో, ముంబైలో స్థిరపడ్డ పిల్లలు పండక్కి వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని స్టూడియోకు వెళ్తారు. 'అన్నా, మా అమ్మానాయన పెళ్లి క్యాసెట్టు... ఆడుతుందేమో చూడన్నా, ఫోన్‌లోకి ఎక్కించాల' అంటారు. ఆ స్టూడియోలో మిగిలి ఉన్న ఒకే ఒక్క వీసీఆర్, చిన్న క్యాసెట్లతో నడిచే ఒకే ఒక్క మినీడీవీ కెమెరా ఆ పూట పది ఇళ్ల టేపులు మింగాలి. అవి పది కంపెనీలవి. కొన్ని శుభ్రంగా ఉంటాయి, కొన్ని బూజు పట్టి ఉంటాయి. ఒకప్పుడు పెళ్లికో టేపు బ్రాండు మారితేనే బెంగపడినవాళ్లు ఇప్పుడు గంటకో బ్రాండు మార్చాలి. అదీ, పాడైతే బదులు దొరకని హెడ్ మీద.

దొరకని అనడం అతిశయోక్తి కాదు. వీహెచ్ఎస్ వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. మినీడీవీ ఖాళీ క్యాసెట్లు చేస్తున్న సోనీ 2025 జనవరిలో ప్రకటన చేసి, ఫిబ్రవరితో ఆ లైను మూసేసింది. మినీడిస్కులు, రికార్డు చేసుకునే బ్లూరే డిస్కులు కూడా దాంతోపాటే పోయాయి. ఇక మిగిలింది మన దగ్గరున్న యంత్రాలు, వాటి గుండెలో తిరిగే ఆ చిన్న డ్రమ్ము.

ఆ డ్రమ్మును ఒకసారి దగ్గరగా చూడాలి. ఈ కథలో అసలు మనిషి అదే.

మినీడీవీ కెమెరా మూత తెరిస్తే లోపల ఓ మెరిసే లోహపు దిమ్మె, కాస్త వాలుగా నిలబడి ఉంటుంది. అడ్డుకొలత 21.7 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్లకంటే చిన్నది. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్‌లు. కంటికి చుక్కల్లా కూడా కనిపించవు. రికార్డు బటన్ నొక్కగానే ఈ డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. టేపు మాత్రం నత్తనడక నడుస్తుంది, సెకనుకు 18.81 మిల్లీమీటర్లు, అంటే రెండు సెంటీమీటర్లు కూడా లేదు. టేపు నెమ్మదిగా, హెడ్ జోరుగా. రెండూ కలిపి లెక్క వేస్తే హెడ్ టేపు మీద సెకనుకు దాదాపు పది మీటర్లు పరుగెడుతోందన్నమాట. వీహెచ్ఎస్‌లో డ్రమ్ము పెద్దది, 62 మిల్లీమీటర్లు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో నిమిషానికి 1,500 చుట్లు. అక్కడ వేగం సెకనుకు ఐదు మీటర్లలోపే.

డ్రమ్ము వాలుగా ఉంటుంది కాబట్టి హెడ్ గీసే ప్రతి గీతా టేపు మీద ఏటవాలుగా పడుతుంది. ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు దారాలు పక్కపక్కన ఇరుక్కుని ఉన్నట్టు ఈ ట్రాకులూ సందు లేకుండా పేరుకుంటాయి. మినీడీవీ మామూలు వేగంలో ఒక్కో ట్రాకు వెడల్పు 10 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఒక వెంట్రుక కింద ఏడు ట్రాకులు దాక్కోవచ్చు. టేపు ఆదా చేద్దామని ఎల్పీ మోడ్‌లో పెడితే ట్రాకు 6.67 మైక్రాన్లకు కుంచించుకుపోతుంది. సోనీ పీడీ150, పీడీ170 కెమెరాలు డీవీక్యామ్ పద్ధతిలో తీస్తే 15 మైక్రాన్లకు విశాలమవుతుంది. అందుకే డీవీక్యామ్‌లో గంట టేపు నలభై నిమిషాలకే అయిపోయినా టీవీ చానళ్ల వాళ్లు దాన్నే ఎంచుకునేవారు.

ఇంత సన్నటి దారిలో, ఇంత వేగంలో, హెడ్‌కూ టేపుకూ మధ్య కాస్త మురికి చేరితే ఏమవుతుంది? వీహెచ్ఎస్‌లో రెండు హెడ్‌లలో ఒకటి మూసుకుపోతే బొమ్మ మిణుకు మిణుకుమంటూ చుక్కల వాన. రెండూ మూసుకుపోతే మాట వినిపిస్తుంది గానీ తెర అంతా వానే. మినీడీవీలో గీతలూ చుక్కలూ రావు. పాల్ పద్ధతిలో ఒక ఫ్రేము 12 ట్రాకుల్లో సర్దుకుంటుంది, ఒక్కో ట్రాకులో బొమ్మలో ఒక అడ్డపట్టీ. ఒక హెడ్ మూసుకుపోతే పట్టీ విడిచి పట్టీ గడ్డకట్టిపోతుంది. పెళ్లికూతురి నుదురు ఈ క్షణానిది, కళ్లు ముందు క్షణానివి, చెంపలు మళ్లీ ఈ క్షణానివి! అనుభవమున్న మెకానిక్ తెర చూసి ఏ హెడ్‌కు జబ్బో చెప్పగలిగేది ఇందుకే.

ఇంతకన్నా క్రూరమైన సంగతి ఒకటుంది. రికార్డింగ్ జరుగుతుండగా హెడ్ మూసుకుపోతే వ్యూఫైండర్‌లో చూస్తున్నవాడికి చాలాసార్లు తెలియదు. అతని కంటికి కనిపించేది లెన్సులోంచి వస్తున్న బొమ్మ. టేపు మీదికి ఎక్కిన బొమ్మ వేరే. పెళ్లంతా చక్కగా తీశాననుకుని స్టూడియోకొచ్చి టేపు వెనక్కి తిప్పితే గానీ గుండె ఆగదు. సోనీ కెమెరాల్లో హెడ్ మురికైందని హెచ్చరించే గుర్తు ఒకటి తెరమీద మిణుకుమంటుంది, మండపంలో ఆ హడావుడిలో దాన్ని ఎవరు చూస్తారు? బ్రాండు మార్పు భయానికి ఇంత పదును రావడానికి కారణం ఈ ఆలస్యమే. తప్పు జరిగిన గంటకో, పూటకో గానీ శిక్ష తెలియదు.

ఇక అసలు ప్రశ్న. బ్రాండు మారిస్తే హెడ్ నిజంగా అలుగుతుందా?

1995లో మినీడీవీ వాడే డీవీ ఫార్మాట్ బయటికొచ్చిన తొలి ఏళ్లలోనే ప్రపంచమంతా కెమెరామన్ల మధ్య ఒక కథ పాకింది. సోనీ టేపు మీద పూసే కందెన 'తడి' రకం, పానాసోనిక్‌ది 'పొడి' రకం, రెండూ హెడ్ మీద కలిస్తే జిగురులాంటి ముద్ద తయారవుతుంది అని. అమెరికాలో పెళ్లిళ్లు తీసేవాళ్లూ, అనంతపురంలో తీసేవాళ్లూ ఒకే కథ చెప్పుకున్నారు. కంపెనీలు తమ పూతల రహస్యం విప్పవు కాబట్టి కథకు ఎదురులేకపోయింది.

కందెన మాట మాత్రం నిజం. మినీడీవీ టేపు వీహెచ్ఎస్ టేపులాంటిది కాదు. వీహెచ్ఎస్‌లో అయస్కాంత రేణువులను జిగురులో కలిపి ప్లాస్టిక్ పట్టీ మీద పూస్తారు. కందెన ఆ జిగురులోనే ఉంటుంది, హెడ్‌ను కాస్త రుద్ది శుభ్రం చేసే గట్టి రేణువులు కూడా అందులోనే కలుపుతారు. మినీడీవీలో కోబాల్ట్ లోహాన్ని శూన్యంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని ప్లాస్టిక్ మీద పొరగా పేరుస్తారు. జిగురు లేదు, కాబట్టి కందెన దాచుకునే చోటూ లేదు. దాని మీద వజ్రంలా గట్టిదైన పలుచని కర్బనపు పొర, ఆ పైన నానోమీటర్ల మందాన కందెన. టేపుకూ హెడ్‌కూ మధ్య ఉన్న రక్షణ అంతా ఆ కాస్తే. ఏ కంపెనీ ఏ కందెన, ఎంత పూసిందన్నది అక్కడ చిన్న విషయం కాదు.

అలాగని ఒకే ఒక్క వేరే టేపు పెట్టగానే కెమెరా చచ్చిపోతుందన్నది అతి. ఏళ్ల తరబడి దొరికిన బ్రాండల్లా వాడుకుంటూ ఏ ఇబ్బందీ పడనివాళ్లు కూడా ఎందరో ఉన్నారు. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా అప్పటికే పాత టేపు మురికి పేరుకున్న హెడ్‌తో. పాత పూత అవశేషం ఒక తీరులో హెడ్ చుట్టూ కుదురుకుని ఉంటుంది. కొత్త టేపు కందెన వచ్చి దాన్ని కదిలిస్తుంది, కదిలిన మురికి సరిగ్గా హెడ్ సందులో కూర్చుంటుంది. నింద కొత్త బ్రాండు మీద పడుతుంది, పాపం పాతదానిదీ ఉంటుంది.

ఇంకో కారణం కందెన కంటే తక్కువ ప్రచారమైంది, కానీ నమ్మదగింది. హెడ్ కొన మెల్లగా అరుగుతుంది. అరుగుతూ తాను రోజూ తాకే టేపు మందానికీ బిరుసుకూ తగ్గ ఒంపు తెచ్చుకుంటుంది. మందం వేరుగా ఉన్న టేపు ఒక్కసారిగా వస్తే కొన మొత్తం ఆనదు, ఓ పక్కే ఆనుతుంది. కొన్ని గంటలు నడిస్తే కొత్త ఒంపు కుదురుతుంది. ఆలోగా సిగ్నల్ బలహీనం. గంట టేపుకు బదులు ఎనభై నిమిషాల టేపు పెట్టినప్పుడు కూడా ఇదే తంటా. ఎక్కువ నిడివి అదే డబ్బాలో ఇమడాలంటే టేపు పలుచబడాలి మరి. పెళ్లిళ్లు తీసే పెద్దలు ఎనభై నిమిషాల క్యాసెట్టును దగ్గరికి రానివ్వకపోవడంలో అర్థముంది.

మొత్తమ్మీద 'ఒకే కంపెనీ' నియమం మంచి నియమమే. అది పనిచేయడానికి జనం చెప్పుకున్న కారణమే పూర్తిగా సరైంది కాదు. ఒకే కంపెనీ వాడేవాడు ఒకే కొట్టులో, పెట్టెలకు పెట్టెలు, కొత్త సరుకు కొనేవాడు. నకిలీ టేపు అంటగడితే వెంటనే పట్టేసేవాడు. బ్రాండులు కలిపేవాడు సాధారణంగా అవసరం పడ్డప్పుడు దొరికింది కొనేవాడు. అతని కెమెరాలోకి నకిలీలు, ఎండలో మాగిన పాత స్టాకు, పది పెళ్లిళ్లు చూసిన టేపులు కూడా దూరేవి. పేరు మాత్రం బ్రాండు మార్పుకు వచ్చింది.

టేపుకూ హెడ్‌కూ ఈ పొత్తు కుదరడమన్నది వీడియో పుట్టిన రోజునే మొదలైన పేచీ. 1956 ఏప్రిల్‌లో షికాగోలో ఆంపెక్స్ కంపెనీ ప్రపంచానికి మొదటి విజయవంతమైన వీడియో రికార్డర్ చూపించింది. యంత్రం సిద్ధమైనా దానికి తగ్గ టేపు లేదు. 3ఎం కంపెనీ మనుషులు చివరి రోజుల్లో కిందామీదా పడి మెరుగైన టేపు తయారుచేసి పంపితే గానీ ఆ ప్రదర్శన అంతగా మెరవలేదు. హెడ్ ఒక కంపెనీది, టేపు ఇంకో కంపెనీది. ఆ కాపురం అప్పటి నుంచీ అలాగే సాగింది.

ఇప్పుడు ఆదోని సంగతికి వద్దాం. ఇక్కడ హెడ్‌కు బ్రాండు మార్పుకంటే పెద్ద శత్రువులు గాలిలోనే ఉన్నాయి.

ఆదోనిని జనం 'రెండో ముంబై' అన్నది పత్తి, బంగారం వ్యాపారాలను చూసి. రాష్ట్రంలో పెద్ద పత్తి మార్కెట్లలో ఇక్కడి యార్డు ఒకటి. దసరా దాటాక పత్తి బండ్లు వరస కడతాయి, జిన్నింగు మిల్లులు మోగుతాయి. ఆ రోజుల్లో గాలిలో సన్నటి పీచు తేలుతూ ఉంటుంది. ఎమ్మిగనూరు వైపు వెళ్తే మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం వారసత్వం, ఇళ్లలో నూలు, నూలు దుమ్ము. నల్లరేగడి నేలల మీద ఎండాకాలం గాలి లేస్తే మెత్తటి ధూళి. మే నెలలో నలభై దాటిన ఎండ. క్యాసెట్టు తలుపు తెరుచుకునే ఆ రెండు సెకన్లు చాలు, పీచు పోగు ఒకటి లోపలికి పోయి డ్రమ్ముకు చుట్టుకోవడానికి.

ఇక్కడి ఉత్సవాలు కూడా కెమెరాకు అనువైనవి కావు. హోళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక బన్ని ఉత్సవం. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోవైపు, చేతుల్లో కర్రలు. దివిటీల పొగ, కాళ్ల కింద రేగే దుమ్ము. టేపు కెమెరా భుజాన వేసుకుని ఆ జనంలో నిలబడ్డవాడికి తల పగలకుండా చూసుకోవడం ఒక పని, హెడ్ చెడకుండా చూసుకోవడం ఇంకో పని. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గర, సంక్రాంతి రోజుల్లో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో కూడా దుమ్ము తక్కువేం కాదు. ఇలాంటి చోట తీసిన మర్నాడు టేపు బ్రాండు మార్చితే ఏ మురికి ఎక్కడిదో బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు.

మరి శుభ్రం చేయడమెలా?

వీసీఆర్ కాలంలో మెకానిక్ బల్ల మీద 'సీటీసీ' సీసా ఉండేది. కార్బన్ టెట్రాక్లోరైడ్. చుక్క వేస్తే ఏ జిడ్డయినా కరిగేది, క్షణంలో ఆరిపోయేది. కాలేయాన్నీ కరిగించే రకం అని తెలిసినవాళ్లు తక్కువ. ఓజోన్ పొరకు కూడా చేటు కావడంతో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2010 జనవరి 1 నాటికి ఇలాంటి పనులకు దాని వాడకాన్ని ఎత్తేసింది. ఇప్పుడు దానికి బదులు నీటి పాలు బాగా తక్కువున్న ఐసోప్రొపైల్ ఆల్కహాలు. ఎక్కడైనా మూలన పాత సీటీసీ సీసా మిగిలుంటే దాని జోలికి పోకపోవడమే మేలు.

దూది పుల్ల మాత్రం వాడకూడదు. ఊరినిండా దూదే, హెడ్‌కు మాత్రం దూది పనికిరాదు! దాని పోగు ఒక్కటి హెడ్ కొనకు తగులుకుంటే కొన విరిగే ప్రమాదముంది. పీచు రాలని మెత్తటి షామీ తోలు ముక్కనో, మన మెకానిక్కులు చేసినట్టు నున్నటి తెల్లకాగితం ముక్కనో ఆల్కహాలులో తడిపి, డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి మెల్లగా తిప్పాలి. తిరగాల్సింది డ్రమ్ము. చేతిలోని తోలు పైకీ కిందికీ కదిలితే హెడ్ పోయినట్టే. తర్వాత టేపు నడిచే దారి, రబ్బరు రోలరు, సౌండ్ హెడ్ కూడా తుడిచి, పూర్తిగా ఆరాకే క్యాసెట్టు పెట్టాలి. ఇది వీసీఆర్ పద్ధతి. మినీడీవీ డ్రమ్ము ఇంకా సున్నితం, చెయ్యి తిరిగినవాళ్లు తప్ప తాకకపోవడం మంచిది.

మినీడీవీకి క్లీనింగ్ క్యాసెట్టే దారి. సోనీ, పానాసోనిక్ రెండూ పొడి రకం క్లీనింగ్ టేపులు అమ్మాయి. సోనీ టేపును ఒకసారికి పది సెకన్లు నడపాలి. అంతే. మురికి ఇంకా ఉందనిపిస్తే మంచి టేపు ఒకటి పెట్టి చూసి, అవసరమైతేనే మళ్లీ. ఆ టేపు ఒక రకంగా ఉప్పుకాగితం. మురికితో పాటు హెడ్‌ను కూడా అరగదీస్తుంది. ప్రతి పెళ్లికీ ముందు అలవాటుగా నిమిషం పాటు నడిపిన వాళ్లు తమ కెమెరా ఆయుష్షును తామే తగ్గించుకున్నారు. క్లీనింగ్ టేపును వెనక్కి చుట్టి అదే చోటును మళ్లీ వాడటం ఇంకో పొరపాటు, తీసిన మురికిని తిరిగి పూసినట్టు.

బ్రాండు మార్చక తప్పనప్పుడు పద్ధతి తెలిసినవాళ్లు చేసేది ఇది. పాత కంపెనీ ఆఖరి టేపు తీశాక పది సెకన్ల క్లీనింగ్. కొత్త కంపెనీ టేపును ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి తిప్పి, బిగుతు సమం చేయడం. పెళ్లికి ముందురోజే ఓ పది నిమిషాలు గోడనో గుడి గోపురాన్నో తీసి, టీవీకి తగిలించి కళ్లు పెట్టి చూడటం. డబ్బాలు కనిపించకపోతే ఇక ఆ పెట్టె అయిపోయేదాకా ఆ కంపెనీయే. ఇంత చేస్తే మార్పు భయం చాలావరకు తీరినట్టే. ఏసీ కారులోంచి దిగి ఉక్కపోత మండపంలోకి నేరుగా కెమెరా తీసుకుపోతే డ్రమ్ము మీద తేమ పడుతుంది, టేపు అతుక్కుంటుంది. కెమెరా తేమ గుర్తు చూపిస్తే మూత తెరిచి గంటసేపు ఊరుకోవాలి. ఏ బ్రాండూ దీన్ని తప్పించదు.

పెద్ద పెద్దవాళ్లకు కూడా అలవాటైన టేపు దొరకని రోజు ఒకటొచ్చింది. 2011 మార్చిలో జపాన్ భూకంపం, సునామీ సోనీ వారి తగాజో టేపు కర్మాగారాన్ని ముంచేశాయి. హాలీవుడ్, టీవీ స్టూడియోలు నమ్ముకున్న హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ టేపులకు ఒక్కసారిగా కరువొచ్చింది. పాత టేపులు తుడిచి మళ్లీ వాడారు. చాలామంది ఆ దెబ్బతోనే టేపు వదిలి ఫైళ్లలోకి మారారు. ఇక్కడి పెళ్లి స్టూడియోలు కూడా ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే కార్డు కెమెరాలకు మళ్లాయి, వాటికి సునామీ అవసరం లేకపోయింది, ధరే చాలింది.

ఇప్పుడు మిగిలిన టేపుల లెక్క చూస్తే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. 1990ల నాటి పెళ్లిళ్లు ఇళ్లలో ఉన్నాయి. 2005 నాటి పెళ్లిళ్లు చాలావరకు లేవు. వీహెచ్ఎస్ కాలంలో టేపే పెళ్లివాళ్ల చేతికి వెళ్లేది. మినీడీవీ కాలానికి టేపులోని దృశ్యాన్ని ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్లోకి దించి, ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేసి, సీడీనో డీవీడీనో ఇచ్చేవారు. అసలు టేపు స్టూడియోలోనే ఉండిపోయేది, వచ్చే ముహూర్తానికి దాని మీద ఇంకో పెళ్లి ఎక్కేది. ఆ డీవీడీలు ఇప్పుడు గీతలు పడి ఆగిపోతున్నాయి. పాత తరం క్యాసెట్టు మాత్రం బూజు తుడిస్తే ఇంకా మాట్లాడుతోంది. స్టూడియో అటకల మీద మిగిలిన మినీడీవీ టేపులు ఏవైనా ఉంటే అవి అరుదైన సరుకే.

ప్రపంచమంతటా ఇదే హడావుడి. ఆస్ట్రేలియా జాతీయ సినిమా, శబ్ద భాండాగారం 'డెడ్‌లైన్ 2025' అని ఏళ్ల కిందటే హెచ్చరించింది. 2019లో యునెస్కో, ధ్వని దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి టేపుల గురించి ప్రపంచవ్యాప్త హెచ్చరిక జారీ చేశాయి. వాళ్ల లెక్కలో టేపు చెడిపోవడం సగం ముప్పే. మిగతా సగం, దాన్ని ఆడించే యంత్రం దొరకకపోవడం. ఆ గడువు దాటిపోయింది కూడా.

అందుకే పది ఇళ్ల టేపులు ఒకే యంత్రంలోకి పోయేటప్పుడు వరస ముఖ్యం. ముందు కంపెనీల వారీగా వేరుచేయాలి, ఒక్కో కంపెనీలో మళ్లీ శుభ్రమైనవి, అనుమానమున్నవి వేరుచేయాలి. శుభ్రమైనవి మొదట, జబ్బువి ఆఖరున. ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు హెడ్ తుడవాలి. వీహెచ్ఎస్ అయితే ఆడించేముందు హెడ్‌కు తగలకుండా ఒకసారి పూర్తిగా చుట్టి విప్పడం మంచిది. వీడియో లైబ్రరీల్లో ఒకప్పుడు ఉండే రివైండర్ పెట్టె గుర్తుందా? పాత సామాన్ల కొట్లో అది కనిపిస్తే వదలకండి. క్యాసెట్టు కిటికీలోంచి చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని మంచి యంత్రంలో పెట్టనే కూడదు. భాండాగారాల వాళ్లు బూజు టేపులకు విడి యంత్రమే కేటాయిస్తారు. కర్నూలు పడమర పొడి నేల కాబట్టి కోస్తాతో పోలిస్తే బూజు తక్కువే. అయినా గోడలు చెమ్మగిల్లే వానాకాలం ఇక్కడా వస్తుంది.

వరద చూసిన టేపుల సంగతి వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. ఇళ్లలో నిలిచిన బురదనీటిలో బీరువాలతో పాటు క్యాసెట్లూ నానాయి. ఎండలో ఆరబెట్టి దాచిన అలాంటి క్యాసెట్టు పైకి బాగానే ఉంటుంది. లోపల పొరల మధ్య ఒండ్రు ఎండిపోయి ఉంటుంది. దాన్ని 'ఒకసారి చూద్దాం' అని ఆడిస్తే ఆ ఇసుక హెడ్‌ను గీకి, ఆ తర్వాత పెట్టిన ప్రతి టేపునూ గీకుతుంది. అలాంటిది ఇంటి పని కాదు. విప్పి, శుద్ధమైన నీటితో కడిగి, వేడి తగలకుండా ఆరబెట్టి, కొత్త డబ్బాలోకి మార్చగలిగిన నిపుణులకే ఇవ్వాలి. అంతదాకా దాన్ని అలాగే ఉంచడం తప్పేం కాదు.

ఇంటర్నెట్లో చూసి టేపును ఓవెన్లో కాల్చేవాళ్లు కూడా బయల్దేరారు. ఆ వైద్యం ఉన్నమాట నిజమే. 1970లు, 80లలో వచ్చిన కొన్ని ఆంపెక్స్ టేపుల జిగురు తేమ పీల్చి జిడ్డెక్కితే, నిపుణులు యాభై డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచి కొద్దిరోజులు ఆడేలా చేస్తారు. అది ఆ రకం టేపుకు, ఆ జబ్బుకు. జిగురే లేని మినీడీవీకి, ఏ కంపెనీదో తెలియని పెళ్లి క్యాసెట్టుకు ఆ వైద్యం చేస్తే మిగిలేది వంకర తిరిగిన ప్లాస్టిక్.

చివరిగా యంత్రం కొనుక్కునేవాళ్లకు. పాత మినీడీవీ కెమెరాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. కొన్ని వృత్తి కెమెరాల మెనూలో డ్రమ్ము మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరు ఉంటుంది, ముందు అది చూడాలి. తర్వాత అమ్మేవాణ్ని ఎక్కువగా ఏ కంపెనీ టేపులు వాడాడో అడగాలి. ఆపైన వేరే కెమెరాలో తీసిన టేపు ఒకటి పెట్టి ఆడించాలి. తాను తీసిన టేపును తాను ఆడించడం గొప్ప కాదు. టేపును దారిలో నడిపే గైడులు కాస్త పక్కకు జరిగిన కెమెరా తన ట్రాకులను తాను చదువుకుంటుంది, పరాయి టేపు పెడితే తడబడుతుంది. ఇదే తిరగేసి చూస్తే స్టూడియోల వాళ్లకు ఒక ఆశ ఉంది. అప్పట్లో కాస్త వంకరగా రికార్డు చేసిన టేపులను ఈనాటి మంచి డెక్ చదవలేకపోవచ్చు గానీ, ఆ రోజు వాటిని తీసిన కెమెరానే చదవగలదు. మూలన దుమ్ము పట్టి ఉన్న ఆ కెమెరాను పాత సామాన్లవాడికి వేసేముందు కొత్త బ్యాటరీ పెట్టి, హెడ్ తుడిపించి, దాని టేపు దానిలోనే ఒకసారి పెట్టి చూడాలి.